ప్రాసెసర్ వేడెక్కుతోందా? కొత్తది కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

మే నెల మధ్యాహ్నం, పెళ్లిళ్ల సీజన్. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ రుక్కాలు డిజైన్ చేసే చిన్న చిన్న దుకాణాల్లో కంప్యూటర్లు పొద్దున మొదలైతే రాత్రి దాకా ఆగవు. ఒక విండోలో ఇన్‌పేజ్‌లో ఉర్దూ మ్యాటర్, ఇంకో విండోలో కోరల్‌డ్రాలో డిజైన్, పక్కనే ప్రింటర్. సరిగ్గా అలాంటి టైములోనే మిషన్ మొరాయిస్తుంది. మౌస్ కదిపితే బాణం ఒక క్షణం ఆగి కదులుతుంది. డబ్బాలో ఫ్యాన్ మిక్సీలా మోగుతుంది. ఎవరో చెబితే ఒక సాఫ్ట్‌వేర్ వేసి చూస్తారు. ప్రాసెసర్ 96 డిగ్రీలు అని ఎర్ర అంకె కనిపిస్తుంది.

ఆ అంకె చూసి మెకానిక్‌ని పిలిస్తే తరచుగా వచ్చే సమాధానం: "ప్రాసెసర్ పోయింది భాయ్, కొత్తది వేసుకోవాలి." పాత మిషన్‌లో ప్రాసెసర్ మార్చడమంటే చాలాసార్లు దాంతోపాటు మదర్‌బోర్డు, ర్యామ్ కూడా మార్చడమే. సీజన్ సంపాదనలో మంచి ముక్క అక్కడే పోతుంది.

నిజానికి ప్రాసెసర్ అనేది కంప్యూటర్‌లో అంత తేలిగ్గా చెడిపోయే వస్తువు కాదు. వేడి పెరిగిందంటే చాలాసార్లు తప్పు దాని చుట్టుపక్కల ఉంటుంది. దుమ్ము పట్టిన రేకులు, ఎండిపోయిన పేస్టు, వదులైన పిన్ను, గాలి ఆడని బల్ల అర. వీటిలో కొన్నింటికి ఖర్చే ఉండదు, మిగతావాటికి వందల్లో అవుతుంది. వేల రూపాయల నిర్ణయం తీసుకునే ముందు అరగంట కూర్చుని లెక్క చూసుకోవడం మంచిది. ఆ లెక్క ఎలాగో ఇక్కడ చూద్దాం.

వేడి వెళ్లే దారి

మన దగ్గర కంప్యూటర్ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు. ఇక్కడ ప్రాసెసర్ అంటే ఆ డబ్బా లోపల, మదర్‌బోర్డు మీద, ఫ్యాన్ కింద దాగి ఉండే చిన్న చదరపు చిప్.

ప్రాసెసర్ తీసుకునే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. 65 వాట్లు తీసుకుంటే 65 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలం 60 వాట్ల బల్బును వెలుగుతున్నప్పుడు ముట్టుకున్నవాళ్లకు అదెంత వేడో తెలుసు. ఆ వేడి అంతా వేలిగోరంత చోట పుడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ వేడి బయటికి పోవడానికి ఒక దారి ఉంది. చిప్ నుంచి దాని పైనున్న లోహపు మూతకు, మూత నుంచి పలచటి థర్మల్ పేస్టు పొరకు, పేస్టు నుంచి హీట్‌సింక్ రేకులకు, రేకుల నుంచి ఫ్యాన్ తోసే గాలికి, ఆ గాలి నుంచి డబ్బా బయటికి, చివరికి గదిలోకి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వేడి వెనక్కి పేరుకుని ప్రాసెసర్ దగ్గర అంకె పెరుగుతుంది. అంటే ఆ అంకె ఏదో అడ్డు ఉందని మాత్రమే చెబుతుంది. అడ్డు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి.

ఒక ధైర్యం మాత్రం ఉంది. ఈనాటి ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. హద్దు దగ్గరికి రాగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ తగ్గకపోతే మిషన్‌ను ఆపేస్తుంది. ఎప్పుడూ ఇలా ఉండేది కాదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ నడుస్తున్న కంప్యూటర్ల మీద నుంచి హీట్‌సింక్ తీసేసి చూపించింది. పెంటియమ్ 4 వేగం తగ్గించుకుని బతికింది. అప్పటి ఏఎమ్‌డీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. ఇప్పుడు రెండు కంపెనీల చిప్‌లలోనూ ఆ రక్షణ ఉంది.

కాబట్టి వేడి వల్ల వెంటనే జరిగే నష్టం చిప్ కాలిపోవడం కాదు. మిషన్ నెమ్మదిస్తుంది. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. సేవ్ చేస్తుండగా ఆగిపోతే ఫైల్ చెడిపోవచ్చు. రేపు ప్రింటుకు వెళ్లాల్సిన రుక్కా ఫైల్ పోయిందంటే అది ప్రాసెసర్ ధర కంటే పెద్ద దెబ్బ.

ఎంత ఉంటే ఎక్కువ?

దీనికి ఒక్క సమాధానం లేదు. ఒక్కో మోడల్‌కు ఒక్కో హద్దు. కొన్ని తెలిసిన మోడళ్ల గరిష్ఠ హద్దులు ఇవి, అన్నీ సెల్సియస్‌లో:

- ఇంటెల్ కోర్ ఐ5-10400, ఐ3-12100, ఐ5-12400: 100 డిగ్రీలు
- ఏఎమ్‌డీ రైజెన్ 5 3600, 5600ఎక్స్, 5600జీ: 95 డిగ్రీలు
- రైజెన్ 7 5800ఎక్స్: 90 డిగ్రీలు
- రైజెన్ 5 7600ఎక్స్: 95 డిగ్రీలు
- రైజెన్ 7 7800ఎక్స్3డీ: 89 డిగ్రీలు

అంటే 92 డిగ్రీలు అన్న అంకె ఒక ఇంటెల్ చిప్‌లో హద్దుకు ఇంకా 8 డిగ్రీల కింద ఉన్నట్టు. అదే అంకె 5800ఎక్స్‌లో హద్దు దాటినట్టు. మోడల్ తెలియకుండా అంకె మీద తీర్పు చెప్పకూడదు.

రైజెన్ 7000 వరుసలో ఎక్స్ అక్షరం ఉన్న పెద్ద మోడళ్లది ఇంకో పద్ధతి. బరువైన పనిలో 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి, ఆ హద్దులో ఎంత వేగం వస్తే అంత తీసుకునేలా వాటిని తయారు చేశారు. వాటిలో 95 కనబడితే కంగారు పడక్కర్లేదు.

పాత ఇంటెల్ మోడళ్లతో ఇంకో గందరగోళం ఉంది. కోర్ ఐ5-6500 లాంటి వాటికి కంపెనీ వివరాల్లో 71 డిగ్రీలు అని కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 78 చూసి "హద్దు దాటిపోయింది" అనుకుంటారు. ఆ 71 అన్నది ప్రాసెసర్ పైమూత మధ్యలో కొలిచే వేడికి పెట్టిన హద్దు. సాఫ్ట్‌వేర్ చూపించేది లోపలి కోర్ల వేడి. రెండూ వేర్వేరు చోట్లు కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

మామూలు ఇంటెల్, రైజెన్ డెస్క్‌టాప్‌లకు స్థూలంగా ఇలా అనుకోవచ్చు. బరువైన పనిలో 80 లోపు ఉంటే నిశ్చింత. ఎండాకాలంలో 80 నుంచి 90 మధ్య ఉంటే ఒక కన్నేసి ఉంచాలి, వీలు చూసుకుని శుభ్రం చేయాలి. హద్దుకు 5 డిగ్రీల లోపు చేరి అక్కడే ఉండిపోతుంటే, పైగా వేగం పడిపోతుంటే, ఇక వాయిదా వేయకూడదు.

ముందు గది వేడిని తీసేయాలి

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. జనవరిలో చూసిన అంకెను మే నెల అంకెతో పోలుస్తారు. ఫ్యాన్ గది గాలితోనే చల్లబరుస్తుంది. గది కంటే చల్లగా చేయడం దాని వల్ల కాదు. గది వేడి 12 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా అటూ ఇటూగా 12 డిగ్రీలు పెరుగుతుంది. కంప్యూటర్‌లో ఏ తప్పూ లేకపోయినా పెరుగుతుంది.

ఉదాహరణకు ఒక చిన్న కూలర్ ఒక్కో వాట్‌కు అర డిగ్రీ చొప్పున వేడి పెరగనిస్తుందని అనుకుందాం. ప్రాసెసర్ 65 వాట్లు తీసుకుంటే దాదాపు 32 డిగ్రీలు. దీన్ని దాని చుట్టూ ఉన్న గాలి వేడికి కలపాలి.

- గాలి 28 డిగ్రీలు ఉన్న రోజు: 28 కలిపితే 32, మొత్తం 60
- గాలి 40 డిగ్రీలు ఉన్న రోజు: 40 కలిపితే 32, మొత్తం 72

అదే మిషన్, అదే పని. ఊరిలో ఎండ మారింది, అంతే. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో రేకుల కప్పు కింద నడిచే ఇంటర్నెట్ సెంటర్‌కూ, ఏసీ గదిలోని ఆఫీసుకూ ఒకే అంకె రాదు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి బయటపడుతుంది. కోర్ ఐ5-12400 మీద 65 వాట్లు అని రాసి ఉంటుంది. అది మూల వేగంలో లెక్క. బరువైన పని వచ్చినప్పుడు టర్బోలో 117 వాట్ల దాకా తీసుకోవచ్చు. అదే చిన్న కూలర్‌తో 117 వాట్లకు 58 డిగ్రీలు. 40 డిగ్రీల గాలికి కలిపితే 98. హద్దు 100. ప్రాసెసర్ మంచిదే, కూలర్ మంచిదే, పేస్టు మంచిదే, అయినా అంకె ఎరుపు చూపిస్తుంది. దీని మందు వేరే. దాని సంగతి కింద ఉంది.

అందుకే చూడాల్సింది తేడా. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడిని తీసేయగా మిగిలిన అంకెను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి డబ్బాకు అంటించాలి. పోయిన ఏడాది తేడా 35, ఈ ఏడాది అదే పనికి 50 ఉందంటే దారిలో ఎక్కడో అడ్డు పడింది. తేడా అంతే ఉంటే అది ఎండాకాలం తప్ప ఇంకేమీ కాదు.

కొలిచే పద్ధతి

విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ వేగం, వాడకం చూపిస్తుంది కానీ దాని వేడి చూపించదు. అందుకు హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సొంత వాడకానికి ఉచితమే. లైనక్స్ వాడేవాళ్లకు ఎల్ఎమ్-సెన్సర్స్ ఉంది.

1. కంప్యూటర్ పక్కన గది వేడి ఎంతో థర్మామీటర్‌తో చూసి రాసుకోవాలి.
2. మిషన్ ఆన్ చేసి ఏ పనీ ఇవ్వకుండా పదిహేను నిమిషాలు వదిలి అంకె రాసుకోవాలి. గది కంటే 10 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ ఉండడం మామూలే.
3. రోజూ చేసే పనుల్లో బరువైనది ఇరవై నిమిషాలు నడపాలి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఒక వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టొచ్చు. అలాంటిది లేకపోతే సినీబెంచ్ నడపొచ్చు.
4. వేడితోపాటు వేగం, వాట్లు, ఫ్యాన్ తిరుగుడు కూడా రాసుకోవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ అనే వరుసల్లో "ఎస్" వచ్చిందేమో చూడాలి.

ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష మామూలు పని కంటే ఎంతో ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అందులో వచ్చిన అంకె చూసి కొత్త కూలర్ కొనక్కర్లేదు. డీటీపీ, ట్యాలీ, బ్రౌజర్ మాత్రమే నడిచే మిషన్ ఆ స్థితికి ఎప్పుడూ వెళ్లదు. బయోస్ స్క్రీన్‌లో కనిపించే అంకె కూడా విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటి కంటే ఎక్కువే ఉంటుంది. అక్కడ కరెంటు పొదుపు పద్ధతులు పూర్తిగా పని చేయవు కాబట్టి అలా వస్తుంది.

అంకె నడక చూసి కారణం పట్టాలి

అంకె ఎంత అన్నదానికంటే ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అన్నదే ఎక్కువ చెబుతుంది.

పని మొదలుపెట్టిన కొద్ది క్షణాల్లోనే 40 నుంచి 90కి ఎగబాకి, పని ఆపగానే ఠక్కున పడిపోతే వేడి హీట్‌సింక్‌లోకి వెళ్లడం లేదని అర్థం. పేస్టు ఎండిపోయి ఉంటుంది, లేదా కూలర్ ఒక మూల లేచి ఉంటుంది. కొత్తగా బిగించిన కూలర్ అయితే అడుగున ఉండే ప్లాస్టిక్ కాగితం తీయకుండానే పెట్టారేమో కూడా చూడాలి. ఈ పొరపాటు చేసేవాళ్లు చాలామందే.

పావుగంట, ఇరవై నిమిషాలు తీసుకుని మెల్లమెల్లగా పెరిగి, ఆపిన తర్వాత కూడా మెల్లగానే తగ్గితే గాలి సమస్య. రేకుల్లో దుమ్ము, బలహీనపడిన ఫ్యాన్, లేదా డబ్బాలో వేడి గాలి చిక్కుకుపోవడం.

డబ్బా పక్క తలుపు తీసి అదే పని నడిపితే అంకె ఐదు, పది డిగ్రీలు పడిపోతే తప్పు ప్రాసెసర్ కూలర్‌ది కాదు. డబ్బాలోకి చల్లగాలి వచ్చే దారి, వేడిగాలి పోయే దారి సరిగా లేవు.

ఏ పనీ చేయకపోయినా వేడిగా ఉంటే ముందు టాస్క్ మేనేజర్ చూడాలి. విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో నడుస్తుంటే కొంతసేపటికి తగ్గుతుంది. తెలియని ప్రోగ్రామ్ ఏదైనా రోజంతా ప్రాసెసర్‌ను వాడుకుంటుంటే అనుమానించాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లతో పాటు క్రిప్టో మైనింగ్ చేసే దొంగ ప్రోగ్రాములు రావడం కొత్త కాదు. వేడి మనది, కరెంటు బిల్లు మనది, డబ్బు మాత్రం వాడికి.

రైజెన్ ప్రాసెసర్లలో ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంకె 40కి, 60కి మధ్య గెంతుతుంటుంది. చిన్న పని రాగానే ఒక కోర్ వేగం పెంచుకోవడం వల్ల అది సహజం.

వేడి 60, 70 దగ్గరే ఉన్నా మిషన్ ఆగిపోతుంటే సమస్య వేరే చోట ఉంది. పవర్ సప్లై, ర్యామ్, వైరింగ్ చూడాలి. ఆ ఖాతాను ప్రాసెసర్ పేరు మీద రాయకూడదు.

తగ్గించడం: ఖర్చు లేనిదాని నుంచి మొదలు

ఒకటి, చోటు మార్చాలి. కంప్యూటర్ బల్ల అరలో తలుపు వేసి పెట్టిన డబ్బా తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. దాన్ని బయటికి తీయాలి. వెనక గోడకు కనీసం జానెడు చోటు వదలాలి. నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెడితే దుమ్ము తక్కువ పడుతుంది. కిటికీ ఎండ నేరుగా తగలకూడదు.

ఇళ్లలో వాడే నీళ్ల కూలర్ గది వేడిని తగ్గిస్తుంది, ఆ మేరకు కంప్యూటర్‌కూ మేలే. కానీ దాని గాలి నేరుగా డబ్బా మీదికి తిప్పకూడదు. ఆ గాలితోపాటు తేమ, ఒక్కోసారి నీటి తుంపర లోపలికి పోతుంది.

రెండు, దుమ్ము దులపాలి. షట్ డౌన్ చేసి, వైరు పీకేసి, పవర్ బటన్ పది క్షణాలు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. డబ్బాను వరండాలోకో మేడ మీదికో తీసుకెళ్లి బ్లోయర్‌తో గానీ, మెత్తటి పొడి బ్రష్‌తో గానీ శుభ్రం చేయాలి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకునే ఊదాలి. లేకపోతే గాలి వేగానికి అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎక్కువ దుమ్ము ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుప్పటిలా పట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే కనిపించదు. పవర్ సప్లై జాలీ, ముందు జాలీ కూడా మరచిపోకూడదు. పత్తి, కాగితం, బట్టల వ్యాపారం చేసే చోట మూడు నెలలకోసారి, మామూలు ఇంట్లో ఆరు నెలలకోసారి చేస్తే చాలు.

మూడు, ఫ్యాన్లు చూడాలి. ప్రాసెసర్ ఫ్యాన్ తిరుగుతోందా, సాఫ్ట్‌వేర్‌లో దాని ఆర్‌పీఎమ్ వేడితోపాటు పెరుగుతోందా చూడాలి. డబ్బా ఫ్యాన్ల దిశ ముఖ్యం. ముందు ఫ్యాన్ గాలి లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి తోయాలి. ఒక కాగితం ముక్క దగ్గర పెడితే అంటుకుంటుందో ఎగిరిపోతుందో చూసి తెలుసుకోవచ్చు. రెండూ బయటికే తోస్తుంటే ఒకదాన్ని తిప్పి బిగించాలి. బయోస్‌లో ఫ్యాన్ వేగం "సైలెంట్"లో ఉంటే ఎండాకాలానికి "స్టాండర్డ్"కు మార్చాలి.

నాలుగు, పేస్టు మార్చాలి. నాలుగైదేళ్లుగా విప్పని మిషన్‌లో పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. కొత్త ట్యూబు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఒక ట్యూబు చాలా మిషన్లకు సరిపోతుంది.

విప్పే ముందు మిషన్‌ను పది నిమిషాలు నడిపి వేడి చేస్తే పేస్టు మెత్తబడుతుంది. తర్వాత కరెంటు తీసేసి విప్పాలి. రైజెన్ ఏఎమ్4 బోర్డుల్లో ఇది చాలా ముఖ్యం. ఎండిన పేస్టు అంటుకుని ఉండగా కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, కింది పిన్నులు వంగిపోతాయి. కూలర్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పి వదులు చేశాకే ఎత్తాలి.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బట్టతో రెండు వైపులా తుడవాలి. ఆరాక మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, కూలర్‌ను నిటారుగా దించాలి. పేస్టు పని లోహాల మధ్య కంటికి కనబడని సందులు నింపడమే. దోసె పిండిలా మందంగా పూస్తే అదే అడ్డమవుతుంది.

ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. మూలకు మూల ఎదురుగా ఉన్న రెండింటిని ముందు, మిగతా రెండింటిని తర్వాత నొక్కాలి. ప్రతి దానికీ టక్ అన్న చప్పుడు రావాలి. ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా ఆ మూల లేచి, వేడి పెరుగుతుంది.

ఐదు, వాట్లకు కళ్లెం వేయాలి. పైన చెప్పిన 98 డిగ్రీల ఉదాహరణకు మందు ఇదే. కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసర్‌ను ఎంతసేపయినా పూర్తి టర్బోలో నడిచేలా వదిలేస్తాయి. బయోస్‌లో పవర్ లిమిట్‌ను 65 వాట్లకు తగ్గిస్తే అదే కూలర్, అదే 40 డిగ్రీల గాలితో లెక్క 72కు దిగుతుంది. వాట్లు దాదాపు సగానికి తగ్గినా వేగం సగానికి తగ్గదు. చివరి కాస్త వేగం కోసమే ప్రాసెసర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. చాలా రైజెన్ బోర్డుల్లో ఇదే పనికి ఎకో మోడ్ ఉంది.

బయోస్ జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి మార్చొచ్చు. చాలా మిషన్లలో దీంతో టర్బో ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది. టైపింగ్, బిల్లింగ్ పనులకు తేడా పెద్దగా తెలియదు. ఎండాకాలం గడిచాక మళ్లీ 100 పెట్టుకోవచ్చు.

ఆరు, అప్పుడే కొత్త కూలర్. పై ఐదూ చేశాక కూడా తేడా తగ్గకపోతే, లేదా పని నిజంగానే బరువైనదైతే, రాగి గొట్టాలు ఉన్న టవర్ కూలర్ వేసుకోవాలి. రెండు వేల రూపాయల అటూ ఇటూలో మంచివి దొరుకుతాయి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో కొనేటప్పుడు రెండు విషయాలు అడగాలి. మన సాకెట్‌కు క్లాంపు ఇస్తున్నారా, కూలర్ ఎత్తు మన డబ్బా తలుపుకు తగులుతుందా. లిక్విడ్ కూలర్ చాలా ఖరీదు. అది కూడా గది గాలితోనే చల్లబరుస్తుంది కాబట్టి గది కంటే చల్లగా చేయలేదు. ఆఫీసు మిషన్‌కు దాని అవసరం లేదు.

చేయకూడనివి

పేస్టు లేదని టూత్‌పేస్టో, వాజిలినో పూయకూడదు. మొదట్లో పని చేసినట్టే కనిపిస్తుంది, రోజుల్లో ఎండిపోతుంది లేదా కారిపోతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకు ఆనించకూడదు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. ఐసు ముక్కలు, తడిబట్ట డబ్బా దగ్గరికి తేకూడదు. పక్క తలుపు తీసి చూడడం పరీక్ష కోసమే, రోజూ అలాగే వదిలేస్తే దుమ్ము, బల్లులు లోపలికి చేరతాయి. బయోస్‌లో వేడి రక్షణ సెట్టింగులను ఎప్పుడూ ఆపకూడదు.

అలాగని "ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుందిలే" అని ఏళ్ల తరబడి 95 దగ్గర నడపడమూ సరికాదు. చిప్ తట్టుకుంటుంది, దాని చుట్టూ ఉన్నవి తట్టుకోవు. మదర్‌బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క. హార్డ్ డిస్క్‌కు కూడా అదే డబ్బాలోని గాలి.

నిజంగా ప్రాసెసర్‌దే తప్పయితే

అలాంటివీ ఉంటాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాట్ల మోడళ్లు కొన్ని ఉన్నట్టుండి క్రాష్ అవుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లడం కారణమని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. దాన్ని సరిచేసే మైక్రోకోడ్‌ను బయోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చింది, ఆ మోడళ్ల వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల ప్రాసెసర్ ఉన్నవాళ్లు పేస్టు కంటే ముందు బయోస్ అప్‌డేట్ చూసుకోవాలి. అప్పటికే చెడిపోయిన చిప్‌ను అప్‌డేట్ బాగు చేయదు, వారంటీ అడగాల్సిందే. బిల్లు, డబ్బా దాచుకోవాలని చెప్పేది ఇందుకే.

చివరి లెక్క

ఎవరైనా "ప్రాసెసర్ పోయింది" అంటే నాలుగు ప్రశ్నలు వేయాలి. ఈ మోడల్ హద్దు ఎంత? ఆ రోజు గది వేడి ఎంత? తీసేస్తే మిగిలిన తేడా ఎంత? దుమ్ము తీసి, పేస్టు మార్చాక ఆ తేడా ఎంతకు వచ్చింది? నాలుగింటికీ సమాధానం చెప్పగలిగిన మెకానిక్ మాట నమ్మొచ్చు. మొదటి ప్రశ్నకే తడబడితే డబ్బు జేబులోనే ఉంచుకోవడం మేలు.

ఇవన్నీ చేసేలోపు చేయాల్సిన పని ఒకటుంది. మిషన్ వేడెక్కి ఆగిపోతున్నట్టు అనుమానం రాగానే, ఏ స్క్రూ విప్పకముందే, పని ఫైళ్లన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ప్రాసెసర్ మళ్లీ దొరుకుతుంది. రేపటి షాదీ రుక్కా ఫైల్ మళ్లీ దొరకదు.